వీరుని వంశము: మేజర్ పద్మపాణి ఆచార్య

(సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

  

ఈ సభలో "వంశప్రతిష్ఠ" యను విషయమును గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు నాకు ఉత్తరము వ్రాసిరి. ముప్పది నాలుగేండ్లు పల్లెపాఠశాలలలో సంస్కృతాంధ్రములు చెప్పుకొని బ్రదికినవానికి సభలను రంజింపజేయు వాగ్ధాటి యెక్కడిది? బాలురకు పాఠము చెప్పుటయే నేనెఱిగిన విద్య. కావున నేడును ఒక పాఠమే చెప్పెదను. దోషములున్న పెద్దలు మన్నింతురు గాక.

మన సభలలో వంశప్రశంస చేయుట ఆచారము. మన పూర్వులలో పండితులెవ్వరు, దాతలెవ్వరు, చెఱువులు త్రవ్వించినవారెవ్వరు అని చెప్పుకొందుము. ఈ సంచికయందును గోత్రములును, గృహనామములును, వంశవృక్షములును అచ్చుపడుచుండును. అది తప్పని నేననను. తాతపేరు తెలియని బాలునికి తన పేరు బరువు తెలియదు. కాని నేను నేడు ప్రసంగింపనెంచిన వీరుడు మన కులమునందు పుట్టినవాడు కాడు. అతని పేరు మన వంశవృక్షములలో నే కొమ్మయందును గానరాదు. అట్టివానిని ఈ వేదికపై నేల స్మరించుచున్నానని మీరడుగుదురు. కారణమును చివర విన్నవించెదను. అందాక ఓర్పుతో వినవలెనని నా ప్రార్థన.

ఆ వీరుని పేరు మేజర్ పద్మపాణి ఆచార్య. 1968వ సంవత్సరము జూన్ 21వ తేదీన హైదరాబాదు నగరమున జన్మించెను. పూర్వులు ఉత్కళదేశమువారు. తండ్రిగారు భారత వాయుసేనలో వింగ్ కమాండర్ పదవివఱకు నెదిగి, 1965, 1971 సంవత్సరముల యుద్ధములందు సేవ చేసి, పిమ్మట హైదరాబాదునందలి రక్షణ పరిశోధనశాలలో పనిచేసినవారు. ఆ విధముగా ఒడియా కుటుంబములో పుట్టి తెలుగుగడ్డపై పెరిగిన ఆ బాలుని ఇంట "బబ్లూ" యని ముద్దుగా పిలుచుకొనిరి. అతడు ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుడై, 1993లో మద్రాసునందలి సైనికాధికారుల శిక్షణాలయమున జేరి, శిక్షణ ముగించుకొని రాజపుతానా రైఫిల్స్ 2వ బటాలియనునందు అధికారిగా ప్రవేశించెను. 2003లో వెడలిన హిందీ చలనచిత్రమున మన నాగార్జునగారు ఈతని పాత్రను ధరించిరి. యువకులలో కొందఱు ఆ మూలముననైన ఈ పేరు వినియుందురు.

పేరునుగూర్చి ఒక్కమాట. పద్మము పాణియందు గలవాడు పద్మపాణి. బౌద్ధులకు ఇది అవలోకితేశ్వర బోధిసత్త్వుని నామము. అజంతా మొదటి గుహలోని చిత్రములలో మిక్కిలి ప్రసిద్ధికెక్కినది ఈ మూర్తియే. లదాఖు దేశమున ద్రాస్ అను గ్రామమునకు సమీపమున బాటప్రక్కన పూర్వకాలపు శిలాప్రతిమలున్నవి. వానిలో అవలోకితేశ్వరుని ప్రతిమయు నొకటి. అనగా మన హైదరాబాదు పద్మపాణి ప్రాణములర్పించిన ద్రాస్ ప్రాంతమున, అతనికి వెయ్యేండ్లకు ముందునుండియు ఆ పేరిటి దయామూర్తి రాతియందు నిలిచియున్నాడు. ఇది యాదృచ్ఛికమే కావచ్చును. అయినను తలచుకొన్నప్పుడెల్ల నా మనస్సు ద్రవించును.

ఇక ఆ యుద్ధము మాట. 1999వ సంవత్సరమున కార్గిల్ పర్వతప్రాంతమున జరిగినది. శీతకాలమున ఆ శిఖరములపై మనుష్యుడు నిలువలేడు గనుక ఇరుపక్షములవారును కొన్ని స్థానములను విడిచి దిగివచ్చుట వాడుకగా నుండెను. ఆ యేడు మన సైనికులు మరల నెక్కకమునుపే పాకిస్థాను సేనలు ఆ శిఖరములను ఆక్రమించికొనియుండెను. మే నెలలో ఈ సంగతి బయటపడినది. శ్రీనగరమునుండి లేహ్ పట్టణమునకు బోవు రాజమార్గము ఆ కొండల పాదముననే సాగుచున్నది. ద్రాస్ కెదురుగా నున్న తోలోలింగ్ కొండపై కూర్చున్నవానికి ఆ బాటపై నడచు ప్రతి బండియు గనబడును. బాట తెగినచో లదాఖునకు తిండిగింజలుగాని తుపాకిమందుగాని చేరు దారి కష్టమగును. కావున ఆ కొండలను ఒక్కొక్కటిగా గెలిచికొనక తీరదయ్యెను.

పైనున్నవాడు రాతిగోడల చాటున నుండును. క్రిందివాడు చెట్టుచేమ లేని నిట్రవాలుపై, ఊపిరాడని 15,000 అడుగుల యెత్తున, రాత్రివేళ చలిలో ప్రాకవలెను. పైవాడు రాయి దొర్లించినను క్రిందివానికి గండమే. ఆ విధముగా పలు దినములు పోరిన పిదప జూన్ 13వ తేదీన 2వ రాజపుతానా రైఫిల్స్ వారు తోలోలింగును గెలిచిరి. కాని దానికావల మఱికొన్ని శిఖరములు శత్రువశముననే యుండెను. వానిని గెలుచు భారము జూన్ నెల చివర మరల ఆ బటాలియనుమీదనే పడెను.

ఈ రెండు పోరాటములకు నడుమ, జూన్ 19వ తేదీన, పద్మపాణి తండ్రికి ఒక జాబు వ్రాసెను. తరువాత అది పత్రికలందు ప్రకటింపబడినది. అందలి భావము మూడు ముక్కలలో జెప్పెదను. ప్రాణనష్టమును గూర్చి చింతింపవద్దు, అది మా వృత్తిలో మా చేతిలో లేని సంగతి, ఒక మంచి కార్యముకొఱకే గదా యనుట మొదటిది. యుద్ధము జీవితమున నొకమారు లభించు గౌరవమని అమ్మతో జెప్పుమనుట రెండవది. మూడవది వినుడు. ఆ సమయమున అతని భార్య గర్భవతి. ఆమెకు దినమున కొకటి చొప్పున మహాభారతకథ చెప్పుచుండుడు, దానివలన మీకు పుట్టబోవు మనుమసంతానమునకు సద్గుణము లబ్బును అని తండ్రిని కోరెను.

ఆ జాబు వ్రాసిన రెండవనాటికి అతనికి ముప్పదియొక యేండ్లు నిండెను. తొమ్మిదవనాడు అతడు లేడు.

జూన్ 28వ తేదీ రాత్రి. ఆ రాత్రి ప్రమాది నామ సంవత్సర నిజజ్యేష్ఠ పూర్ణిమ. మన పల్లెలలో ఏరువాక పున్నమ. ఉదయమున మన రైతులు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, నాగలికి పూజచేసి, తొలిచాలు దున్నిన దినము. ఆ పున్నమ వెన్నెలయే ద్రాస్ కొండలపైనను గాసెను. పంటచేనికి చల్లనైన వెన్నెల కొండనెక్కు సైనికునికి శత్రువుతో సమానము. దాగుటకు నీడ దొరకదు.

పద్మపాణి తన కంపెనీకి నాయకుడు. మందుపాతరలును మరతుపాకులును గల బలమైన స్థావరమును పట్టుట అతని పని. ఆరంభముననే శత్రువుల ఫిరంగిగుండ్లు ముందునడచు దళముపై సూటిగా బడి పెక్కుమంది నేలకొరిగిరి. దాడి అక్కడనే ఆగిపోవలసినది. అప్పు డతడు వెనుక నుంచిన దళమును దానే నడపుకొని, గుండ్లవానలో ఆ నిట్రరాతిపై కెక్కెను. ప్రాకుచు శత్రువుల రాతిగూటిని సమీపించి చేతిబాంబులు విసరెను. గుండ్లు తగిలి కదలలేని స్థితిలో బడినప్పుడు, నన్ను విడిచి ముందునకు బొండని తనవారి నాజ్ఞాపించి, తాను పడినచోటనుండియే కాల్చుచుండెను. స్థావరము వశమైనది. పని ముగిసిన పిమ్మటనే అతని ప్రాణము పోయినది. ప్రభుత్వమువారు అతనికి మరణానంతరము మహావీరచక్రము నొసంగిరి. యుద్ధశౌర్యమున కిచ్చు బిరుదములలో పరమవీరచక్రమునకు తరువాతిది అదియే.

ఆ రాజపుతానా రైఫిల్స్ వారి ధ్యేయవాక్యము సంస్కృతము: "వీరభోగ్యా వసుంధరా". భూమి వీరులచే ననుభవింపదగినది యని దాని యర్థము. బడిలో దీనిని సమాసమునకు ఉదాహరణముగా పలుమార్లు చెప్పితిని. కాని పద్మపాణి అనుభవించిన భూమి యెంత? ఒక కొండకొనపై ఒక రాత్రి. అనుభవించువారము మనము.

ఆ రాత్రి ఆ కొండలయందు ఆ బటాలియనుతో పోరుచు నేలకొరిగిన అధికారులలో మఱి యిద్దఱిని మీరు తప్పక ఎఱుగవలెను. ఒకరు కెప్టెన్ కెంగురుసే, నాగాలాండువాడు, వయస్సు ఇరువదినాలుగు. సైన్యమున జేరకమునుపు కోహిమాలో బడిపంతులుగా పనిచేసినవాడు. మంచుబట్టిన రాతిపై కాలు జాఱుచుండగా, ఆ చలిలో పాదరక్షలు విప్పి వట్టికాళ్లతో నెక్కెను. అతనికిని మహావీరచక్రము లభించినది. రెండవవాడు కెప్టెన్ విజయంత్ థాపర్, పంజాబీ కుటుంబమువాడు, సైనికుల వంశమున పుట్టినవాడు, వయస్సు ఇరువదిరెండు. సేనలో జేరి యేడాదియైన నిండలేదు. అతనికి వీరచక్రము లభించినది. మువ్వురివి మూడు దిక్కులు, మూడు భాషలు. ఎవరి కులమును ఎవరడిగిరి? వారివెంట నడచిన జవానులు మాకులమువాడు నడిపిననే నడతుమనిరా?

ఇప్పుడు నా బడిలో జరిగిన సంగతి చెప్పవలెను.

పద్మపాణి జాబు పత్రికలో వచ్చిన నాటికి నేను ఎనిమిదవ తరగతికి తెలుగు చెప్పుచుంటిని. ఆ దినము వాచకము మూసి ఆ జాబు భావమును పిల్లలకు వినిపించితిని. వెనుకబల్లపై నొక బాలుడుండెను. అతని తండ్రి సైన్యమున జవాను. వాడు లేచి, "మాస్టారూ! ఆ తాతగారు అభిమన్యుడు చనిపోయిన కథ కూడా చెప్తారా, దాటేస్తారా?" అని యడిగెను.

నాకు నోట మాట రాలేదు. భారతమును ఎన్ని పర్యాయములు చెప్పినను ఈ ప్రశ్న నాకు తోచలేదు. కొడుకును పోగొట్టుకొనిన తండ్రి, గర్భిణియైన కోడలికి, ద్రోణపర్వము నెట్లు చెప్పగలడు? అభిమన్యుడును తండ్రివలననే వ్యూహప్రవేశమును నేర్చెను. తల్లిగర్భమునందుండి వినెననునది లోకప్రసిద్ధమైన కథ. వ్యాసభారతమున మాత్రము తండ్రి తనకు ప్రవేశము నుపదేశించెననియు, ఆపద వచ్చినచో వెలువడుట తనకు రాదనియు అభిమన్యుడే ధర్మరాజుతో జెప్పును. తెలిసియే లోనికి బోయెను. మన తెలుగువారు దానిని పద్మవ్యూహమందురు. పద్మపాణియు తెలిసియే పోయినవాడు. అభిమన్యుడు పడినప్పుడు ఉత్తర గర్భవతి. చూచితిరా! ఆ జాబు వ్రాయునాటికి తన కథయే ఆ కథలో నున్నదని అతడెఱుగడు.

"రేపు చెప్పెదను, కూర్చుండుము" అని ఆ బాలునితో నంటిని. ఆ రాత్రి గ్రంథము ముందుంచుకొని ఆలోచించితిని. మఱునాడు ఇట్లు చెప్పితిని: "నాయనా! దాటవేయరాదు. వ్యాసుడు దాటవేయలేదు. సుభద్ర యేడ్పును వ్రాసెను, ఉత్తర దుఃఖమును వ్రాసెను. కాని అక్కడ పుస్తకము మూయలేదు. అశ్వత్థామ అస్త్రముచే గర్భముననే మరణించిన శిశువు పుట్టగా, కృష్ణుడు బ్రదికించెను. కులము పరిక్షీణమైన కాలమున బుట్టెను గనుక వానికి పరీక్షిత్తని పేరు పెట్టిరి. ఆ పరీక్షిత్తు కొడుకు జనమేజయుడు. వైశంపాయనుడు భారతమంతయు ఎవరికి చెప్పెను? ఆ జనమేజయునికే. అనగా అభిమన్యుని మనుమడు అడుగగా చెప్పిన కథయే ఈ భారతము. చనిపోయినవాని కథను వాని మనుమడు కూర్చుండి విన్నాడు. అందుకే వంశము నిలిచినది."

ఆ బాలుడు తల యూచెను. వానికి తృప్తి కలిగెనో లేదో గాని నాకు మాత్రము ఆ దినమున ఒక యర్థము తెలిసినది. వంశమనగా రక్తము మాత్రమే యని నేననుకొనుచుంటిని. రక్తము శరీరము నిచ్చును. మనిషిని చేయునది చెప్పబడిన కథయే. రక్తమే చాలునని యెంచినచో పద్మపాణి ఆ జాబు వ్రాయనక్కఱలేదు. తన రక్తము ఆ గర్భమున నుండనే యున్నది గదా! అది చాలదని యెఱిగియే, దినమున కొక కథ చెప్పుడని తండ్రిని వేడెను.

మఱియొక విశేషము. పుట్టబోవునది ఆడయో మగయో అతడెఱుగడు. ఆడదైన నొక విధము, మగవాడైన నొక విధము అనలేదు. ఎవరైనను భారతము వినవలసినదే. అతడు పోయిన కొన్ని నెలలకు ఆడశిశువు పుట్టెను. అపరాజిత యని పేరు పెట్టిరి. ఓడింపబడనిది యని యర్థము. ఆ బిడ్డ పెరిగి పెద్దదై, తాను కన్నులార చూడని తండ్రి చరిత్రను ఆంగ్లమున గ్రంథముగా వ్రాసినది. తండ్రి తనకు కథ చెప్పుమని కోరెను, కూతురు తండ్రినే కథగా చెప్పెను. వంశప్రతిష్ఠ యనగా ఇదియే యని నా మనవి.

సోదరులారా! ఇక కారణము చెప్పెదనంటిని గదా. అది నా తప్పు. మీ యెదుట నొప్పుకొనుటకే ఈ వేదిక యెక్కితిని.

ఆ ప్రశ్న యడిగిన బాలుడు పదవతరగతిలో నుండగా వాని తండ్రి సైన్యమున విధినిర్వహణలో మరణించెను. వాడు మంచి మార్కులతో నుత్తీర్ణుడయ్యెను. పట్టణములో కళాశాల చదువుకొనుటకు వసతి లేదు. తల్లి వానిని వెంటబెట్టుకొని ఒక కులసంఘమువారి విద్యార్థివసతిగృహమునకు వచ్చి స్థానము కోరెను. ఆ వసతిగృహపు కార్యవర్గములో నేనును ఒక సభ్యుడను. వారు వేఱొక కులమువారు. నిబంధనావళిలో వీలులేదని ఒక పెద్ద చదివి వినిపించెను. ఆ సంవత్సరము రెండు గదులు ఖాళీగా నుండినవని నే నెఱుగుదును. తల్లి నావంక చూచినది. నేను నిబంధనల పుస్తకమువంక చూచితిని. పంతులుగారు నోరు విప్పుదురని ఆ బాలుడు నిలుచుండెను. నేను విప్పలేదు. వారు నమస్కరించి వెడలిపోయిరి.

వాడు చదువు మాని లారీపై పనికి గుదిరెను. కొన్ని సంవత్సరములకు బస్సుల నిలయమున నాకు గనబడి, "బాగున్నారా మాస్టారూ!" అని పాదములకు నమస్కరించెను. వసతిగృహము మాట ఎత్తలేదు. నిందించియున్న నాకు భారము కొంత తగ్గియుండును. అభిమన్యుని కథ దాటవేయరాదని వానికి జెప్పినవాడను నేనే. వాని కథను దాటవేసినవాడను నేనే.

ఇప్పుడు విజయంత్ థాపర్ వ్రాసిన కడపటి జాబు సంగతి విని నా ప్రార్థన వినుడు. అతడును ఆ దాడికి ముందు ఇంటికి ఉత్తరము వ్రాసి యుంచెను. కాశ్మీరమున అతడు పనిచేసినప్పుడు ఒక పసిబాలికతో స్నేహమయ్యెను. ఆ పిల్ల తండ్రిని ఉగ్రవాదులు చంపిరి, ఆ భయమున పిల్లకు మాట పడిపోయెను. తాను మరణించినచో ఆ బాలికకు నెలకు యాబది రూపాయలు పంపుచుండవలెనని అతడు తలిదండ్రులను గోరెను. ఆ పిల్ల అతని భాష మాటలాడునది కాదు, అతని మతమునందు పుట్టినది కాదు. ఇరువదిరెండేండ్ల బ్రహ్మచారి, చావు ముంగిట నిలిచి, పరాయిబిడ్డను తనబిడ్డగా తలచెను. ఒక వీరుడు గర్భస్థశిశువునకు కథ కోరెను, మఱియొకడు పరులబిడ్డకు పోషణము కోరెను. ఒక్కనాటి రాత్రి ఒక్క యుద్ధరంగమున పోరాడిన యిద్దఱును వెనుకకు జూచినది బిడ్డల వైపే.

ఆ యుద్ధమున మన దేశము 527 మంది సైనికులను గోల్పోయినది. ఆ సంఖ్య చదువునప్పుడు ఎన్ని యిండ్లలో ఎందఱు పసివారు తండ్రిలేనివారైరో యూహింపుడు.

కావున మహాసభవారికి నా విన్నపము లివి. మన విద్యార్థిసహాయనిధియందును, వసతిగృహమునందును ప్రతి సంవత్సరము రెండు స్థానములు, యుద్ధమునగాని సైనికసేవలోగాని తండ్రిని గోల్పోయిన బిడ్డలకు, ఏ కులమువారైనను, ఏ మతమువారైనను, ప్రత్యేకింపవలెను. నిబంధనావళి దీనికి అడ్డమైనచో నిబంధనావళిని సవరింపవలెను. మఱియు, మనలో ఉద్యోగవిరతులైన ఉపాధ్యాయులము చాలమంది యున్నాము. మన యూళ్లలో అట్టి యిండ్లున్నచో వారమున కొక సాయంకాలము పోయి ఆ బిడ్డలకు పాఠము చెప్పుదము. కథయు చెప్పుదము. నా మట్టుకు నేను ఈ పని మొదలుపెట్టితిని.

మన బిడ్డలకే చాలుట లేదు, పరులబిడ్డలకు ఎక్కడనుండి తెత్తుమని కొందఱనవచ్చును. ఆ మాట నేను కాదనను. మన నిధి చిన్నదే. కాని ఆ యేరువాక పున్నమ రాత్రి పద్మపాణి తన కంపెనీతో నెక్కినది ఎవరి పొలమును రక్షించుటకు? ఆ యుదయమున నాగలి పట్టిన ప్రతి రైతు పొలమును. అందు మన పొలమును ఉన్నది. మనమా వీరుని కులము నడుగలేదు, అతడు మన కులము నడుగలేదు. అతని ఋణమును దీర్చునప్పుడు మాత్రము కులము నడుగుట న్యాయమా?

వంశవృక్షమునకు కొమ్మలెన్ని యున్నవని లెక్కించుట సులభము. దానినీడలో ఎవరు కూర్చుండిరని లెక్కించునాడు మన వంశము నిజముగా గొప్పదగును.



స్వస్తి.